పేరులేని జబ్బు, పేరుపెట్టిన నిందలు

మాచర్లలో మేమెరిగిన యొక రైతు కుటుంబమున్నది. యజమాని మిరప, ప్రత్తి పండించువాడు. ఇల్లాలు పదవ తరగతి వరకు చదివినది. ఇంటికి రెండు పత్రికలు వచ్చును. వారి పెద్దకూతునకు 11వ యేటివరకు ఏ లోపమును లేదు. తరగతిలో మొదటి స్థానము ఆమెదే. ఒక వేసవి గడచి బడి తెరచిన కొలది దినములకు ఆ పిల్ల అన్నము ముందు కూర్చుండి ముద్ద నోట బెట్టక గోడవంక చూచుట ఆరంభించెను. వాకిలినుండి వంటయింటికి ఎన్ని అడుగులో లెక్కించుచు, లెక్క తప్పినచో వెనుకకు పోయి మరల నడచుచుండెను. రాత్రులు నిద్రలేదు. కొన్ని దినములు నోట మాట లేదు. కొన్ని దినములు మాట ఆగదు. నడుమ రెండేసి నెలలు ఏమియు జరుగనట్లు నవ్వుచు బడికి పోవును. ఈ నడుమనున్న మంచి నెలలే ఆ తలిదండ్రులకు పరమశత్రువులైనవి. ఏలయన, ఆ నెలలలో చూచినవారందరును “దీనికి జబ్బేమి? అంతయు నటన” యని తీర్మానించి పోయిరి.

నాలుగేండ్లలో ఆ పిల్లకు వచ్చిన పేర్లు ఎన్నియో వినుడు. పంతులుగారు మొండితనమనిరి, అని ఊరకుండక అరచేతులు వాచునట్లు కొట్టిరి. నాయనమ్మ, అమావాస్యనాడు చంద్రవంక గట్టున నడచుటచే గాలి సోకినదనెను, తాయెత్తు కట్టించెను. వీధిచివర ఆర్.ఎం.పి. వైద్యుడు నీరసమని మూడు దినములు సెలైను ఎక్కించెను. ఒక పట్టణమున నొక పెద్ద వైద్యుడు రెండు నిమిషములు చూచి ఫిట్సని మాత్రలు వ్రాసెను. అవి ఏడాది మ్రింగినది. మరియొకరు వయసు వచ్చుచున్నది, అదే సర్దుకొనునని పంపివేసిరి. వేరొకరు దిగులనిరి. మేనమామ మాత్రము “ఇవన్నియు ఎందుకు, మూడు ముళ్లు పడిన కుదురుకొనును” అనెను. కట్టకడపట దూరపు నగరమున నొక వైద్యురాలు తల్లి చెప్పినదంతయు గంటన్నర విని, చీటిమీద రెండు జబ్బుల పేర్లు వ్రాసి, రెంటి ప్రక్కనను ప్రశ్నార్థకపు గుర్తు నుంచి, “ఇప్పుడే నిశ్చయింపజాలను, దినదినము వ్రాసియుంచి మూడు నెలలకు మరల తీసికొనిరండు” అని చెప్పెను. తండ్రి యింటికి వచ్చి, “ఇరువదివేలు ఖర్చుపెట్టి ప్రశ్నార్థకము కొనితెచ్చితిమి” అని తల కొట్టుకొనెను.

ఆయన దుఃఖము మాకు తెలియనిది కాదు. అయినను నాలుగేండ్లలో ఆ పిల్లనుగూర్చి ఎవరైన వ్రాసిన సత్యమైన అక్షరము ఆ ప్రశ్నార్థకమొక్కటే యని మా నమ్మకము. దాని పక్షమున వాదించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మన దేశమున జబ్బనగా పేరుండవలెను. మలేరియా యనిన రక్తపుబొట్టులో పురుగు కనబడును. క్షయయనిన కఫములో కనబడును. విరిగిన యెముక యెక్సురే పటమున కనబడును. మనస్సునకు వచ్చు జబ్బులలో మిక్కిలి భాగమునకు నేటికిని రక్తపరీక్షయు లేదు, పటమును లేదు. వైద్యుడు చూచినది, ఇంటివారు చెప్పినది, కాలము గడచినకొలది బయటపడినది, ఈ మూడే ఆధారములు. పెద్దవారియందే ఇంత కష్టమైనపుడు ఎదుగుచున్న పిల్లలయందు చెప్పనేల? పెద్దవానికి దిగులు కలిగిన కన్నీరు పెట్టును. పిల్లవానికి దిగులు కలిగిన తరచుగా చిరాకుపడి పళ్లెము విసరును. ఉత్సాహము ఉన్మాదముగా పొంగుచు మరల క్రుంగుచు నుండు వ్యాధి పలువురయందు మొట్టమొదట క్రుంగుబాటుగనే కనబడును. పొంగు రెండవనాడు రావచ్చును, పదేండ్లకు రావచ్చును. అంతవరకు అది యే వ్యాధియో ఎంతటి పండితుడును చెప్పజాలడు. ఆటిజమున్న ఆడుపిల్లలు తోటివారిని చూచి నడవడి నేర్చి, లోని తికమకను కప్పిపుచ్చుకొందురు గనుక మగపిల్లలకంటె ఆలస్యముగా గుర్తింపబడుచున్నారు. బడిలో పిలిచిన పలుకని పిల్లవాడు మొండివాడు కావచ్చును, చెవి వినబడనివాడు కావచ్చును, కొన్ని క్షణములు మాత్రమే తెలివి తప్పు మూర్ఛరోగి కావచ్చును. రక్తహీనతయు, గొంతులోని థైరాయిడు గ్రంథి మాంద్యమును సైతము చదువుమీద మనసు నిలువనీయవు.

ఇంకొక యుదాహరణము చెప్పెదము. ఇది మేనరికములు చేసికొను మన తెలుగువారు ముఖ్యముగా వినదగినది. 1912లో కిన్నియర్ విల్సను అను వైద్యుడు వివరించిన వ్యాధియొకటి కలదు. దేహమున రాగి పేరుకొని కాలేయమును మెదడును చెరచును. తల్లినుండియు తండ్రినుండియు లోపము రెండువైపుల సంక్రమించినగాని ఈ వ్యాధి రాదు. కావున రక్తసంబంధపు పెండ్లిండ్లలో దీనికి అవకాశము హెచ్చు. యౌవనారంభమున కొందరికి చేతివ్రాత చెడును, మాట తడబడును. మరికొందరికి అన్నిటికంటె ముందు స్వభావమే మారును. శాంతుడైన పిల్లవాడు కోపిష్ఠియగును, చదువు జారిపోవును. ఇంటివారు చెడు స్నేహములనుకొందురు. పరీక్ష చేసిన వైద్యుడు కొందరి కంటిపాప చుట్టు రాగిరంగు వలయము చూడగలడు. ఈ వ్యాధికి 1956నుండి మందున్నది. వేళకు మొదలిడినచో ప్రాణము నిలుచును. చీవాట్లతోను తాయెత్తులతోను గడపినచో నిలువదు. మేమెరిగిన పిల్లకు ఈ వ్యాధి లేదని పరీక్షలో తేలినది. అయినను ఆ పరీక్ష చేయించుటకు ఆ తలిదండ్రులు మూడేండ్లు తిరుగవలసివచ్చెనే, దానిని గూర్చి మా మొర.

వైద్యులనుగూర్చి ఒక్కమాట. తెలియనిదానిని తెలియదనుట వైద్యునకు అవమానము కాదు. రెండు నిమిషములలో పేరు చెప్పువాడే గొప్పవాడని మనము అతని గుమ్మము ముందు బారులు తీరినంతకాలము వారును రెండు నిమిషములలోనే పేర్లు చెప్పుచుందురు. ఇందులో కొంత నేరము వారిది, కొంత మనది. దేశమంతటను లక్షమంది జనులకు మనోవ్యాధుల వైద్యుడు ఒక్కడైనను లేడు; అందులో పిల్లల మనస్సులను ప్రత్యేకముగా చదివినవారు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. మాచర్లవారు గుంటూరు పెద్దాసుపత్రిలోని మానసికవైద్య విభాగమునకు పోవలెనన్న నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. కాదనిన సాగరు దాటి హైదరాబాదు పోవలెను, లేదా విశాఖపట్టణమునకో బెంగుళూరునకో రాత్రి రైలెక్కవలెను. మిరపకోతల నాళ్లలో కూలివాడు ఈ ప్రయాణము ఎట్లు చేయగలడు?

ఇక నిందల సంగతి. పిల్లకు జబ్బు పేరు దొరకకపోయినను తల్లికి నేరము పేరు వెంటనే దొరకును. గారాబము చేసినదని యొకరు, కఠినముగా పెంచినదని యొకరు. గర్భవతియైయుండగా గ్రహణమున తిరిగినదని యొకరు. ఆమె పుట్టింటివారిలో నెవరో పిచ్చివాడుండెనని యొకరు. ఇది మన పల్లెటూరి అజ్ఞానము మాత్రమేయని అనుకొనరాదు. 1943లో అమెరికాలో లియో కానరు 11మంది పిల్లలను వర్ణించి ఆటిజమునకు ఆ పేరు స్థిరపరచినపుడు, వారి తలిదండ్రులలో పలువురు ఆప్యాయత లేనివారని కూడ వ్రాసెను. తరువాతి కాలమున ఆ మాటనే పెంచి, తల్లి ప్రేమ గడ్డకట్టుటచేతనే పిల్లవానికి ఈ వ్యాధి వచ్చునను సిద్ధాంతమును గొప్పగొప్ప విద్వాంసులు బోధించిరి. బ్రూనో బెట్టెల్‌హైము 1967లో దానిని సమర్థించుచు పెద్దగ్రంథమే ప్రకటించెను. ఎందరు తల్లులు ఆ మాట నమ్మి తమ్ము తాము దహించుకొనిరో! ఈ సిద్ధాంతమును శాస్త్రీయముగా మొదట పడగొట్టినవాడు బెర్నార్డు రిమ్‌లాండు. ఆయన మనశ్శాస్త్రజ్ఞుడు, అటువంటి పిల్లవానికి తండ్రి కూడను. 1964లో ఆయన గ్రంథము వెలువడినది. ఆ పిదప మూడేండ్లకుగూడ బెట్టెల్‌హైము తన నింద మానలేదనునది గమనింపదగినది. చదువుకొన్నవాడు పొరపాటును విడుచుటకు చదువు లేనివానికంటె ఎక్కువ కాలము తీసికొనును.

భూతవైద్యుని దూషించుట మనవంటి పత్రికలకు అలవాటు. ఈసారి మేము కొంచెము వేరుగా మాటలాడెదము. మాచర్లలో ఆ తల్లి చెప్పిన దానిని మొదట గంటసేపు కూర్చుండి వినినవాడు తాయెత్తు కట్టినవాడే. పిల్ల తలపై చేయి వేసి “భయములేదు తల్లీ” అనినవాడు అతడే. పంతులు వినలేదు, వైద్యుడు వినలేదు, పట్టణమునందలి పట్టభద్రుడైన పినతండ్రి వినలేదు. భూతవైద్యుని వద్దకు జనులు పోవుటకు కారణము అజ్ఞానమొక్కటేయని చెప్పువారు ఈ సంగతి మరువరాదు. కొండకుపోయి మ్రొక్కుకొనుటచే, దర్గాలో దీపము పెట్టుటచే, ప్రార్థనకూటమున కన్నీరు విడుచుటచే తల్లి మనస్సు తేలికపడిన మాకు అభ్యంతరము లేదు. మందు మానిపించుట మొదలిడినచోటనే మా విరోధము మొదలగును. కొట్టుట, వేపమండలతో బాదుట, పొగపెట్టుట, గొలుసు వేయుట మొదలిడినచోట అది విరోధమై యాగదు, ఫిర్యాదగును. తమిళదేశపు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున ఒక పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియుండుటచే పారిపోలేక 28మంది రోగులు కాలిపోయిరి. వారిని అక్కడ విడిచినవారు శత్రువులు కారు; తలిదండ్రులు, భర్తలు, అన్నదమ్ములు.

శాస్త్రము మనకు క్రొత్తగా పడమటినుండి వచ్చినదని చెప్పు పెద్దలకు చరకసంహితనే చూపెదము. ఉన్మాదమును విచారించుచు చరకుడు, దేవతలుగాని గంధర్వులుగాని పిశాచములుగాని తనంతట క్లేశములేనివానిని వచ్చి పీడింపవని చెప్పియున్నాడు. అనగా గాలి సోకుట అను సిద్ధాంతమును మన ప్రాచీన వైద్యుడే తోసివేసెను. అంతటితో ఆగక ఆయన దోషమును రోగి యొక్క బుద్ధిపొరపాటుపై నుంచెను. ఆ రెండవమాట మేమంగీకరింపము. 11 ఏండ్ల పిల్ల యే పొరపాటు చేసియుండును?

ఇప్పుడు మా యసలు ప్రతివాదులకడకు వచ్చుచున్నాము. వారు భూతవైద్యులు కారు. ఈ పత్రిక చదువువారే. సంస్కారమున్న కుటుంబములు, స్త్రీవిద్య కోరువారు, కులభేదములు పాటింపమని సభలలో చెప్పువారు. వారి యింట ఇట్టి పిల్ల పుట్టినపుడు చేయునదేమి? వెనుకగది. చుట్టములు వచ్చిన “అమ్మమ్మగారింట నున్నది” అని చెప్పుదురు. చీటిపై మానసికవైద్యుని పేరున్నచో మందులు పొరుగూర కొందురు. తెలుగు సినిమాలలో ఎర్రగడ్డయనిన నవ్వు. ఇంట ఆ మాట వచ్చిన నిశ్శబ్దము. మన పల్నాటిలో ఇంకొక విశేషము కలదు. బాలచంద్రుని కథ వినని పిల్లవాడు ఇక్కడ లేడు. బొంగరములాడు వయసుననే యుద్ధమునకు బయలుదేరిన వానిని ఆదర్శముగా నిలిపితిమి. కారెంపూడిలో నేటికిని కార్తికమాసమున వీరుల నారాధించుచున్నాము. ఆ కథయందు మాకు గౌరవమే యున్నది. కాని పౌరుషమును కొలతబద్దగా పట్టుకొనిన యూరిలో “నాకు లోపల భయముగా నున్నది” అని పదునైదేండ్ల కుర్రవాడు ఎవరితో చెప్పుకొనును? వాడు కోపించిన పౌరుషమందురు, ఏడ్చిన పిరికివాడందురు. రెండును జబ్బుగుర్తులు కావచ్చునని ఎవరికిని తోచదు.

“మా కాలమున ఇవి లేవు” అను పెద్దలు పలువురు. ఉండెను; లెక్కలేదు, అంతే. ఊరిచివర నిత్యము నవ్వుచు తిరిగిన ‘పిచ్చి’ యను తోకపేరు గలవారెవరు? బావిలో పడిన కోడండ్రెవరు? ఇల్లు విడిచి సన్యాసులలో కలిసిన కుర్రవారెవరు? 2015-16లో 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వేలో 13 మొదలు 17 ఏండ్ల పిల్లలలో నూటికి 7గురికి పైగా ఏదోయొక మానసిక బాధ గలవారని తేలినది. బాధపడువారిలో హెచ్చుమందికి చికిత్సయే అందుటలేదనియు తేలినది. 2021లో ప్రకటితమైన యొక గొప్ప పరిశీలన, అనేక దేశముల పరిశోధనలను కూర్చి, మానసిక వ్యాధులలో మూడవవంతు 14 ఏండ్లలోపుననే తలయెత్తుచున్నవని చూపెను. నలువదిమంది యున్న తరగతిగదిలో అట్టివారు ఇద్దరో ముగ్గురో ఉందురన్నమాట. పంతులుగారి బెత్తము ముందు వారే తగులుదురు. 2009 విద్యాహక్కు చట్టపు 17వ విభాగము బడిలో పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది. ఆ సంగతి బెత్తమునకు ఇంకను తెలియలేదు.

మరికొందరు మేధావులు వేరొక విధముగా వాదింతురు. “పిల్లకు జబ్బుపేరు అంటగట్టకుడు, ఆ ముద్ర జన్మాంతము పోదు” అందురు. ఇందులో కొంత సత్యమున్నది; తొందరపడి వేసిన పేరు చేయు కీడును పైన చెప్పియేయున్నాము. కాని పేరు పెట్టకున్న పిల్ల పేరులేక యుండునా? మొండిది, టెక్కులాడి, గాలిపట్టినది, పిచ్చిది, ఇవి ముద్రలు కావా? వైద్యుని పేరైన మార్చుకొనవచ్చును. వీధివారి పేరు మారదు.

మేనమామగారి మూడుముళ్ల వైద్యమును ఊరకే నవ్వి విడువరాదు. ఆయన కేవలము మాటతో ఆగలేదు. కారెంపూడి వైపునుండి సంబంధము తెచ్చెను. పిల్లకు 15 ఏండ్లు. ఆంధ్రదేశమున బాల్యవివాహములపై వీరేశలింగముగారి కాలమునుండి పోరాటము జరుగుచున్నను, 1929లో శారదా చట్టము వచ్చినను, నేటి చట్టము పిల్లకు 18 ఏండ్లు నిండవలెనని శాసించుచున్నను, 2019-21 కుటుంబారోగ్య సర్వేలో మన రాష్ట్రపు యువతులలో నూటికి 29మంది 18 నిండకముందే పెండ్లియైనవారని కనబడినది. వారిలో ఎందరికి పెండ్లి మందుగా త్రాపబడెనో సర్వేలు చెప్పవు. వయసు మాట అటుంచుడు. జబ్బు దాచి చేసిన పెండ్లి యేమగును? 1955 హిందూ వివాహచట్టమున మనోవ్యాధి కారణముగా వివాహమును రద్దుపరచుకొనుటకును, విడాకులు కోరుటకును దారులున్నవి. క్రొత్త యిల్లు, క్రొత్త మనుషులు, నిద్రలేమి, గర్భము, ప్రసవము, వీనిలో నేదియు మనస్సునకు చికిత్స కాదు. బలహీనమైన మనస్సునకు ప్రతియొకటియు పరీక్ష. ఆ పిల్ల యేడాదిలో పుట్టింటికి మరలివచ్చును, చంకలో బిడ్డతో, చేతిలో కోర్టు నోటీసుతో. అపుడు మేనమామగారు ఏ ముడి వేయుదురో చెప్పవలెను. ఒకప్పుడు మూర్ఛవ్యాధి కూడ ఆ చట్టమున వివాహమునకు అడ్డంకిగా నుండెను. మూర్ఛ మందుతో లొంగునని గ్రహించి 1999లో దానిని తొలగించిరి. చట్టమే నేర్చుకొనినపుడు మేనమామ నేర్చుకొనకూడదా?

ప్రభుత్వమువారి చట్టములు కాగితముపై మంచివే. 1912నాటి లూనసీ చట్టము రోగిని బంధించుటను గూర్చి ఆలోచించెను. 2017 మానసికారోగ్య చట్టము రోగి హక్కులను గూర్చి చెప్పుచున్నది. చికిత్స ప్రతివానికి హక్కని 18వ విభాగము, గొలుసుతో కట్టరాదని 95వ విభాగము. ప్రతి జిల్లాలోను కనీస సేవలుండవలెను. లేనిచో జిల్లాలో మరియొకచోట చేయించుకొనిన చికిత్సకైన వ్యయమును ప్రభుత్వమే భరింపవలెను. 2022 ఏప్రిలులో నరసరావుపేట ముఖ్యస్థానముగా పల్నాడు ప్రత్యేక జిల్లాయైనది. కావున “జిల్లా” యను పదమునకు ఇపుడు గుంటూరు అర్థము కాదు. పల్నాటివారు ఈ విభాగమును చేతబట్టుకొని తమ జిల్లా ముఖ్యస్థానమున నిలబడి యడుగదగును. రోడ్డుకొరకు, నీటికొరకు ధర్నా చేసినవారము దీనికొరకు ఒక అర్జీయైన ఇచ్చితిమా?

2016 వికలాంగుల హక్కుల చట్టము మనోవ్యాధిని, ఆటిజమును, అక్షరములు పట్టుబడని లోపమును కూడ 21 విధముల వైకల్యములలో చేర్చినది. మేలే. కాని పింఛను మొదలు చాలవరకు సహాయములన్నియు నూటికి 40 పాళ్లు లోపమున్నదని ధ్రువపత్రము పొందినవారికే. పేరు తేలని జబ్బునకు పాళ్లెట్లు కట్టుదురు? శిబిరమునకు పోయిన దినమున ఆ పిల్ల మంచి నెలలో నున్నది. చక్కగా ఉత్తరములు చెప్పెను. బల్లముందున్నవారు “బాగుగనే యున్నదిగదా” యని పంపివేసిరి. కాలు లేనివానికి కాలు ప్రతిదినమును లేదు. ఈ పిల్లకు మనస్సు కొన్ని దినములు ఉండును, కొన్ని దినములు ఉండదు. ఆ లెక్క కట్టుటకు ఒక్కదినపు శిబిరము చాలదని ఎవరు చెప్పవలెను?

తల్లి చెప్పవలెను. చెప్పుచున్నది కూడ. వైద్యురాలు వ్రాయుమన్న దినమునుండి ఆమె పిల్ల పాత నోటుపుస్తకముల మిగిలిన పుటలలో వ్రాయుచున్నది: ఎప్పుడు నిద్రించినది, ఏమి తిన్నది, ఎన్నిమారులు అడుగులు లెక్కించినది, బహిష్టు ఏనాడు, మాత్ర ఏనాడు మారినది, ఏ మాటకు ఉలికిపడినది. మేమా పుస్తకములు చూచితిమి. అందులో అలంకారము లేదు, ఏడ్పు లేదు. ఎనిమిది నెలల వ్రాతలో తేలిన దేమనగా, చెడుదినములకు ముందు మూడు రాత్రులు పిల్ల నిద్ర క్రమముగా తగ్గుచున్నది. ఈ సంగతి ఏ వైద్యుడును కనుగొనలేదు. ఇపుడు నిద్ర తగ్గిన మొదటి రాత్రియే ఆమె వైద్యురాలికి ఫోను చేయుచున్నది. పేరు ఇంకను తేలలేదు. కాని పిల్ల ఈ యేడు బడికి పోయిన దినములు నిరుటికంటె హెచ్చు. పేరు తెలిసినగాని చికిత్స మొదలుకాదనుకొను తండ్రులకు ఈ నోటుపుస్తకములు చూపదలచితిమి. నిద్ర, తిండి, భయము, ఆత్మహత్య తలంపు, వీనికి సాయము చేయుటకు వైద్యునకు అంతిమ నామధేయము అవసరము లేదు.

ఆత్మహత్య యను మాట తెచ్చితిమి, దానిని దాటిపోరాదు. ప్రత్తి, మిరప పండు మన పల్నాటి యిండ్లలో పురుగుమందు డబ్బా మంచముక్రిందనో, అటకపైననో, వడ్లబస్తాల ప్రక్కనో ఉండును. మనస్సు చెదరిన పిల్ల యున్న యింట ఆ డబ్బా ఉండరాదు. పొలముదగ్గర పెట్టెలో తాళము వేసియుంచవలెను. తాళపుచెవి పెద్దవారి మొలత్రాట నుండవలెను. ఇది చాదస్తము కాదు. చావవలెనను తలంపు పలువురికి కొలది గడియలలో పొంగి చల్లారునది. ఆ గడియలలో విషము చేతికందకున్న బ్రతుకుదురు. శ్రీలంకలో 1995లోను 1998లోను మిక్కిలి విషపూరితములైన పురుగుమందులను నిషేధింపగా, పదేండ్లలో ఆత్మహత్యల రేటు సగమునకు దిగినది. ఆ తండ్రికి మేము చెప్పిన మాటలలో ఆయన ఆ సాయంకాలమే చేసినది ఇదియొక్కటే. అందులకు ఆయనకు నమస్కరించుచున్నాము. అర్ధరాత్రి ఎవరికి చెప్పుకొనవలెనో తోచనివారికి 14416 అను ఉచిత టెలిఫోను 2022 అక్టోబరునుండి కలదు, తెలుగున మాటలాడుదురు. ఆ యంకెను గోడమీద వ్రాయుడు, పాలవాని లెక్క వ్రాసికొనుచోటనే.

తండ్రులతో ఒక పరుషవాక్యము. పిల్లను ఆసుపత్రికి తీసికొనిపోవునది తల్లి, రాత్రులు మేల్కొనునది తల్లి, నింద పడునది తల్లి. ఖర్చు నాది గదా యని తండ్రి వాకిట కూర్చుండును. ఆ నోటుపుస్తకములలో తండ్రి చేతివ్రాత ఒక్కపుటలోనైన కనబడలేదు. ఆ యింటనే తొమ్మిదేండ్ల తమ్ముడొకడున్నాడు. అక్కకు ఏమైనదో వానికి ఎవరును చెప్పలేదు. వాడు మమ్ము ప్రక్కకు పిలిచి, “నేను దాని పెన్సిలు విరిచినందుకే అక్కకు ఇట్లయినదా?” యని యడిగెను. నాలుగేండ్లు ఆ పసివాడు ఆ నేరమును మోయుచుండెను. ఇంట దాచిన జబ్బు ఇంకెవరికి అంటుచున్నదో ఇంతకంటె సాక్ష్యమేల?

ఆ పిల్ల ఈ మార్చిలో పదవ తరగతి పరీక్ష వ్రాయవలసియున్నది. వ్రాయుచు వ్రాయుచు అక్షరములను లెక్కించుట మొదలిడిన ఆమెకు వేళ చాలదు. అదనపు సమయము కోరిన బడివారు 40 పాళ్ల ధ్రువపత్రము తెమ్మనిరి. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ అను అభ్యర్థి వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, 40 పాళ్ల పత్రము లేనివాడైనను నిజముగా వ్రాయుటకు కష్టపడువానికి వ్రాతసహాయకుని నిరాకరింపరాదని తీర్పు చెప్పియున్నది. వేళను గూర్చిన మా కోరికకును అదే న్యాయము వర్తించునని మా వాదము. ఆ తీర్పు ప్రతిని, వైద్యురాలి చీటిని, తల్లి వ్రాసిన పుస్తకములలో మూడింటిని జతచేసి అర్జీ సిద్ధపరచితిమి. చీటిమీది ప్రశ్నార్థకములను కొట్టివేసిన పని సులభమగునని ఎవరో సలహా చెప్పిరి. తండ్రి ఒప్పుకొనలేదు. సోమవారమున ఆయనతో మేమును నరసరావుపేట పోవుచున్నాము. కారెంపూడి వారికి సంబంధము వలదని ఉత్తరము నిన్ననే పోయినది. దానిని వ్రాసినది ఆ పిల్లయే.